మీ అబ్బాయి కారుకి డ్రాగ్ రేడియల్స్ కావాలంటున్నాడా? కొనే ముందు ఇది చదవండి

నైట్ డ్యూటీలో ఉన్నప్పుడు రాత్రి పదకొండున్నరకి పిల్లల దగ్గర్నుంచి ఫోన్ వస్తే గుండె ఎలా కొట్టుకుంటుందో మన నర్సు అక్కచెల్లెళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక ఏప్రిల్ శుక్రవారం నాకూ అలాంటి ఫోనే వచ్చింది. "అమ్మా, ముందు విను. నాకేం కాలేదు" అన్నాడు మావాడు. ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్ళం, ఈ మాట ఎన్నిసార్లు వినుంటాం! దాని తర్వాత వచ్చే మాట కోసం గోడ పట్టుకుని నిలబడ్డాను.

మాది డల్లాస్ పక్కన. మావాడికి ఇరవై మూడేళ్ళు. మొదటి ఉద్యోగం రాగానే సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ జీటీ కొనుక్కున్నాడు. డల్లాస్‌కి దక్షిణాన ఎన్నిస్ ఊళ్ళో టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ అని 1986లో కట్టిన డ్రాగ్ రేసు ట్రాక్ ఉంది. పావు మైలు, అంటే 1320 అడుగుల తిన్నని కాంక్రీటు దారి. మామూలు జనం కూడా డబ్బు కట్టి తమ కార్లని అక్కడ పరిగెత్తించుకోవచ్చు. "రోడ్డు మీద వేషాలెయ్యకుండా అక్కడికి వెళ్తున్నాడు కదా" అని నేనూ, ఆయనా ఊరుకున్నాం. వెనక చక్రాలకి 'డ్రాగ్ రేడియల్' అనే టైర్లు వేయించాడని మాత్రం మాకు తెలియదు. ఏడువందల డాలర్ల పైన పెట్టాడట. తెలిసినా మాకేం అర్థమయ్యేది కాదనుకోండి. టైరంటే టైరే కదా అనుకునేదాన్ని.

ఆ రాత్రి ట్రాక్ నుంచి ఇంటికి వస్తుంటే 45వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద వాన అందుకుంది. మావాడు అరవై మైళ్ళ వేగంలో ఉన్నాడు. రోడ్డు మీద నీళ్ళు నిలిచిన చోట కారు వెనక భాగం తేలిపోయి, గిర్రున ఒకటిన్నర చుట్టు తిరిగి, పక్కన గడ్డిలో ఆగింది. వెనకాల ట్రక్కు లేదు. మా అదృష్టమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

మర్నాడు పొద్దున్నే "కారు అమ్మెయ్" అన్నాను. ఆయన మాట్లాడలేదు. మావాడు మాత్రం తల దించుకుని ఒక మాటన్నాడు. "తప్పు నాదేనమ్మా. కానీ ఎక్కడ తప్పు చేశానో నాకే సరిగ్గా తెలీదు." ఆ మాటకి నా కోపం దిగిపోయింది. వాడికి తెలియని సంగతి నేర్చుకోకుండా కారు అమ్మించేస్తే, రేపు ఇంకో కారుతో ఇదే జరుగుతుంది. ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాం. అలా నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను. మస్టాంగ్, కమారో, చాలెంజర్ లాంటి కార్లున్న ఇళ్ళు మన గ్రూపుల్లోనూ ఉన్నాయి. పిల్లలు అడిగినప్పుడు "వద్దు" అనో, "నీ ఇష్టం" అనో తేల్చెయ్యకుండా, నాలుగు ప్రశ్నలు వెయ్యగలిగితే చాలు.

అసలు డ్రాగ్ రేడియల్ అంటే ఏమిటి?

టైరు లోపల దారాల పొరలుంటాయి. పాతకాలం బయాస్ టైర్లలో ఆ దారాలు నులక మంచం అల్లినట్టు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. రేడియల్ టైర్లో ఒక అంచు నుంచి రెండో అంచుకి నేరుగా అడ్డంగా వెళ్తాయి. ఇప్పుడు మన కార్లన్నింటికీ ఉండేవి రేడియల్సే.

డ్రాగ్ రేడియల్ అంటే రేసు ట్రాక్ మీద గట్టిగా పట్టుకునేలా చేసిన రేడియల్ టైరు. రబ్బరు చాలా మెత్తన, బాగా అంటుకుంటుంది. నీళ్ళు పోవడానికి ఉండే గాళ్ళు తక్కువ, ఉన్నవి కూడా లోతు తక్కువ. పక్క గోడ, అంటే సైడ్‌వాల్, కారు ఒక్కసారిగా ముందుకి దూకినప్పుడు ఒదిగిపోయేలా ఉంటుంది. నాలుగైదు వందల హార్స్‌పవర్ ఇంజన్ ఉన్న కారుకి మామూలు టైర్లు వేస్తే, యాక్సిలరేటర్ తొక్కగానే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, కారు కదలదు. ఆ శక్తిని నేలకి అందించడమే ఈ టైర్ల పని.

వీటి మీద డీఓటీ ముద్ర ఉంటుంది. అంటే రోడ్డు మీద వాడటానికి చట్టం ఒప్పుకుంటుందని. మావాడు పొరబడింది ఇక్కడే. "డీఓటీ ఉందమ్మా, స్ట్రీట్ లీగల్" అన్నాడు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన వాన ఒప్పుకోదు కదా!

మొదటి ప్రశ్న: వానలో నడుపుతావా?

మన ఊళ్ళో నాపరాళ్ళ అరుగు మీద నీళ్ళు పడినప్పుడు, అరిగిపోయిన హవాయి చెప్పులేసుకుని నడిచిన వాళ్ళకి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఆ చెప్పే గట్టిగా పట్టుకుంటుంది. తడి తగిలితే అదే చెప్పు మనల్ని పడేస్తుంది. చెప్పు అడుగున గాళ్ళు లేకపోతే కింద చేరిన నీరు బయటికి పోదు. మన పాదం రాయి మీద కాక నీటి మీద నిలబడుతుంది. టైరుకి కూడా అంతే. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు.

విమానాలు తడి రన్‌వేల మీద జారిపోతుంటే, నాసా పరిశోధకులు 1960లలో దీనికి ఒక లెక్క కట్టారు. నీళ్ళు నిలిచిన చోట, ట్రెడ్ ఆ నీటిని తోడలేని స్థితిలో, టైరు ఏ వేగానికి తేలుతుందనేది అందులోని గాలిని బట్టి ఉంటుంది. టైర్లో గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, సుమారుగా ఆ వేగం మైళ్ళలో వస్తుంది. 36 పీఎస్‌ఐ ఉంటే గంటకి 62 మైళ్ళు. 18 పీఎస్‌ఐ ఉంటే దాదాపు 44 మైళ్ళే.

ఈ లెక్క చేసినప్పుడు మావాడి మొహం పాలిపోయింది. ఎందుకంటే ట్రాక్ మీద పట్టు పెరగడానికి వెనక టైర్లలో గాలి 18కి దించాడు. తిరిగి కొట్టించుకోకుండానే బయల్దేరాడు. మామూలు కారైతే డ్యాష్‌బోర్డు మీద గాలి తక్కువుందని పసుపు దీపం వెలిగేది. వీడి కార్లో ఆ దీపం నెలల తరబడి వెలుగుతూనే ఉంది. కొత్త రింగులు వేయించినప్పుడు సెన్సర్లు పెట్టించలేదు. ఎప్పుడూ మోగే మానిటర్ అలారంని మనం వార్డులో పట్టించుకోవడం మానేస్తామే, సరిగ్గా అలాగే వాడూ ఆ దీపాన్ని చూడటం మానేశాడు.

ఇంకో సంగతి. ముందు టైర్లు మంచివే ఉండి, వెనకవి మాత్రం నీటి మీద తేలితే, కారు ముందు భాగం నిలబడి వెనక భాగం తిరిగిపోతుంది. స్టీరింగ్ తిప్పి సర్దుకోవడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. అందుకే మీ అబ్బాయి రోజూ ఆఫీసుకి అదే కార్లో వెళ్తాడా, వాన పడితే ఇంకో కారు ఉందా అని ముందు అడగండి. లేదంటే ఈ టైర్లు రోజువారీకి వద్దు.

రెండో ప్రశ్న: చలికాలంలో కారు ఎక్కడుంటుంది?

బెల్లం పాకం వెచ్చగా ఉన్నప్పుడు వేలికి అంటుకుంటుంది. చల్లారాక గట్టిపడి టప్పున విరుగుతుంది. ఈ మెత్తని రబ్బరు స్వభావం కూడా అదే. చలి ముదిరితే గట్టిపడి పట్టు పోతుంది, పొడి రోడ్డు మీద కూడా. గడ్డకట్టే చలిలో కారు కదిలిస్తే ట్రెడ్ మీద పగుళ్ళు రావచ్చు. మాకు టెక్సాస్‌లో చలి నాలుగు రోజుల చుట్టమే అయినా, 2021 ఫిబ్రవరి ఎవరు మర్చిపోతారు? ఇక మిచిగన్, న్యూజెర్సీ, చికాగో వైపు ఉన్నవాళ్ళకి శీతాకాలమంతా ఈ టైర్లు గరాజ్‌లో ఉండాల్సిందే. వేసవి టైర్లకీ, వీటికీ కూడా 40 ఫారన్‌హీట్ కిందకి దిగితే వాడొద్దని గుర్తుపెట్టుకుంటే చాలు.

మూడో ప్రశ్న: సైజు ఎలా చూశావు?

టైరు పక్కన 275/40ఆర్19 అని ఉందనుకోండి. 275 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 110 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 19 అంటే రింగు వ్యాసం అంగుళాల్లో.

డ్రాగ్ రేసుకి సైడ్‌వాల్ ఎత్తుగా ఉంటే మంచిది, దూకుడుకి ఒదుగుతుంది. అందుకని రింగు చిన్నది చేసి టైరు ఎత్తు పెంచుతారు. 305/45ఆర్17 తీసుకుంటే సైడ్‌వాల్ 137 మిల్లీమీటర్లు. కానీ మొత్తం చక్రం ఎత్తు లెక్కేస్తే పాతది దాదాపు 27.7 అంగుళాలు, కొత్తది 27.8. అంటే చక్రం ఎత్తు మారలేదు. స్పీడోమీటర్ తప్పు చూపించదు, ఏబీఎస్ కూడా గందరగోళపడదు. సైజు మార్చేటప్పుడు ఈ లెక్క తప్పకుండా చేయించండి.

దాంతో పాటు మూడు చూడాలి. చిన్న రింగు లోపల బ్రేక్ క్యాలిపర్‌కి చోటు సరిపోతుందా? వెడల్పాటి టైరు ఫెండర్‌కీ, సస్పెన్షన్‌కీ రాసుకోకుండా ఉంటుందా? ఆ టైరుకి కంపెనీ చెప్పిన రింగు వెడల్పు పరిధిలోనే మీ రింగు ఉందా? ఆల్ వీల్ డ్రైవ్ కారైతే నాలుగు చక్రాల వ్యాసమూ సమానంగా ఉండి తీరాలి. లేకపోతే మధ్యలో ఉండే గేర్ల మీద భారం పడి ఖరీదైన రిపేరు వస్తుంది.

ముందు రేడియల్, వెనక బయాస్ స్లిక్కులు వేసుకుని హైవే ఎక్కడం కూడా కొందరు చేస్తారు. రెండు రకాల టైర్లూ వంగే తీరు వేరు కాబట్టి వేగంలో కారు అటూ ఇటూ ఊగుతుంది. ఇంటి నుంచి ట్రాక్‌కి నడుపుకుంటూ వెళ్ళే కారుకి రేడియల్సే నయం.

నాలుగో ప్రశ్న: ఏ రకం?

అంగట్లో ఉన్నవాటిని నేను మూడు బుట్టలుగా పెట్టుకున్నాను.

మొదటిది రోడ్డుకి దగ్గరగా ఉండేవి. కాస్త గాళ్ళుంటాయి. మిక్కీ థాంప్సన్ వాళ్ళ ఈటీ స్ట్రీట్ ఎస్ఎస్, నిట్టో వాళ్ళ ఎన్‌టీ555ఆర్‌లు ఈ కోవవి. వారాంతం తిరగడానికి, అప్పుడప్పుడు ట్రాక్‌కి వెళ్ళడానికి. చిన్న వాన పడితే మెల్లగా, చాలా మెల్లగా ఇల్లు చేరవచ్చు.

రెండోది ట్రాక్‌కి దగ్గరగా ఉండేవి. ఈటీ స్ట్రీట్ ఆర్, నిట్టో ఎన్‌టీ05ఆర్ లాంటివి. గాళ్ళు పేరుకే ఉంటాయి. తడి రోడ్డు మీద వీటిని ఊహించుకోవద్దు.

మూడోది అసలు డ్రాగ్ రేడియల్సే కానివి, మంచి వేసవి టైర్లు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటివి. ట్రాక్ మీద కాస్త సమయం పోవచ్చు. కానీ వానలో బ్రేకు, మలుపు, హైవే అన్నింటికీ పనికొస్తాయి. ఏడాదికి రెండుసార్లు ట్రాక్‌కి వెళ్ళేవాడికి ఇవి చాలు.

కొనేటప్పుడు టైరు మీద మూడు సంగతులు చదవండి. ట్రెడ్‌వేర్ అనే అంకె ఎంత కాలం మన్నుతుందో చెబుతుంది. 200 అంటే 100 ఉన్నదానికి ప్రభుత్వ పరీక్షలో రెట్టింపు మన్నిందని. మన కుటుంబ కార్ల టైర్లకి ఇది 500, 600 అలా ఉంటుంది. డ్రాగ్ రేడియల్స్‌కి 100, ఇంకా తక్కువ కూడా. అంటే కొన్ని వేల మైళ్ళకే డబ్బు అరిగిపోతుంది. రెండోది ట్రాక్షన్ గ్రేడు, ఏఏ నుంచి సీ వరకు. ఇది తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ బ్రేకు వేసినప్పటి పట్టు మాత్రమే. మలుపు గురించి గానీ, నీటి మీద తేలడం గురించి గానీ ఇది చెప్పదు. మూడోది తయారీ తేదీ. డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు. 2319 అంటే 2019లో 23వ వారం. వాడిన టైర్లు చవగ్గా వస్తున్నాయని పిల్లలు ఆన్‌లైన్లో కొంటారు. రబ్బరు వయసుతోనూ, వేడెక్కి చల్లారడంతోనూ గట్టిపడుతుంది. గాళ్ళు కనిపిస్తున్నా పట్టు ఉండదు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఏడాదికోసారి జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. ఇదివరకు అరిగిన టైరుని ఇన్‌స్పెక్షన్‌లో అయినా పట్టుకునేవారు. ఇప్పుడు చూసేవాళ్ళు ఇంట్లోవాళ్ళే. గాడిలో ఒక పెన్నీ తలకిందులుగా పెట్టండి. లింకన్ తల పైభాగమంతా కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే.

ట్రాక్ మీద, తిరిగొచ్చేటప్పుడు

ట్రాక్‌లో గాలి దించడం మామూలే. డ్రాగ్ రేడియల్స్‌కి పదిహేను, ఇరవై పీఎస్‌ఐ మధ్య వాడతారు. ఆ గాలితో ఒక్క మైలు కూడా రోడ్డు ఎక్కకూడదు. డిక్కీలో చిన్న ఎయిర్ కంప్రెసర్, నమ్మకమైన గేజి ఉండాలి. గేటు దాటకముందే డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద రాసినంత, లేదా టైరు కంపెనీ రోడ్డుకి చెప్పినంత గాలి నింపాలి.

పట్టు పెరిగితే ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంతకుముందు చక్రం జారిపోయి వృథా అయిన శక్తి ఇప్పుడు యాక్సిల్ మీద, క్లచ్ మీద, డ్రైవ్‌షాఫ్ట్ మీద పడుతుంది. టైర్లకి ఏడువందలు పెడితే యాక్సిల్‌కి ఇంకెంత పెట్టాలో ముందే ఆలోచించమనండి.

హెల్మెట్, నిండు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు తప్పనిసరి చేసుకోండి. పావు మైలు 14 సెకన్లలోపు పరిగెత్తే కార్లకి ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల ప్రకారం హెల్మెట్ ఉండాలి. ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి చదవండి. రేసు ట్రాక్ లోపల జరిగిన నష్టాన్ని చాలా పాలసీలు కట్టవు.

ఇవన్నీ చూసి "ట్రాక్ ఎందుకు, ఖాళీ రోడ్డు చాలు" అనే పిల్లాడుంటే, వాడికి గట్టిగా చెప్పాల్సింది అమ్మే. టెక్సాస్‌లో రోడ్డు మీద రేసు పెట్టుకుంటే మొదటిసారికే 180 రోజుల దాకా జైలు, 2000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. వీసా మీదో, గ్రీన్ కార్డు క్యూలోనో ఉన్న ఇళ్ళలో ఇంకో భయం ఉంది. ఎప్పుడైనా అరెస్టు అయ్యారా అని వలస దరఖాస్తులు అడుగుతాయి.

మా ఇంట్లో ఏం చేశాం

కారు అమ్మలేదు. డ్రాగ్ రేడియల్స్‌ని కూడా పారెయ్యలేదు. పాత 19 అంగుళాల రింగులకి మంచి వేసవి టైర్లు వేయించాడు, రోజువారీ అవే. డ్రాగ్ రేడియల్స్ 17 అంగుళాల రింగుల మీద గరాజ్‌లో గోడవారగా ఉంటాయి, ఇప్పుడు వాటికీ సెన్సర్లున్నాయి. ట్రాక్‌కి వెళ్ళే రోజు వాతావరణం చూస్తాడు. వాన సూచన ఉంటే వెళ్ళడు. పొడిగా ఉంటే జాక్, టార్క్ రెంచి తీసుకుని చక్రాలు మార్చుకుంటాడు. మార్చాక యాభై, వంద మైళ్ళకి నట్లు మళ్ళీ బిగించి చూసుకోవాలని వాళ్ళ నాన్న వెంటపడతారు.

పోయిన అక్టోబర్లో ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. నా భయాన్ని నా కళ్ళతో చూసుకోవాలనిపించింది. రబ్బరు కాలిన వాసన, చెవులు పగిలే చప్పుడు. బయల్దేరే గీత ముందు తడిపిన చోటు ఒకటుంటుంది. గాళ్ళున్న టైర్లవాళ్ళు ఆ నీటిలోంచి కాకుండా పక్కనుంచి వచ్చి, చక్రాలు కాస్త తిప్పి వేడి చేసుకుంటారు. గాళ్ళలో నీళ్ళు మోసుకొచ్చి గీత మీద కారిస్తే వాళ్ళకీ, వెనకవాళ్ళకీ ప్రమాదం. మావాడు అలాగే పక్కనుంచి వచ్చాడు. లైట్లు పచ్చగా మారాయి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అయిపోయింది.

వెనక్కి వచ్చాక నేను అడక్కముందే మోకాళ్ళ మీద కూర్చుని గాలి కొట్టడం మొదలుపెట్టాడు. గేజి నా చేతికిచ్చి "చదువమ్మా" అన్నాడు. పేషెంట్ బీపీ చూసినట్టు రెండుసార్లు చూశాను. 34, 34.

ఈ వారం మీ అబ్బాయికో, అల్లుడికో, మీ ఆయనకో ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక, టైర్లలో గాలి చూశావా అని కూడా అడగండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.